ఊరేగింపులో నడిచిన పియానో

ఆ శనివారం పొద్దున పదకొండింటికి సిప్రియన్ వచ్చి న్యూమా బార్తే అరుగు మీద కూర్చున్నది కబుర్లు చెప్పుకోవడానికి కాదు, పియానో పట్టుకుపోవడానికి. చక్రాల బల్ల గోడకి ఆనించి పెట్టాడు. లావుపాటి పట్టీలు రెండు భుజాన వేసుకున్నాడు. మోసేవాళ్ళు పన్నెండింటికి వస్తారు. చర్చి గంట కొట్టగానే ఎత్తేయడమే.

పియానో న్యూమాది కాదు మరి. ఎటియెన్ గురువుగారిది. ట్రెమే పేటలో మూడు తరాల పిల్లల వేళ్ళు ఆ మీటల మీద పెట్టించిన మనిషి ఆయన. పోతూ పోతూ పియానోని పేటలోని బాజా సంఘానికి రాసిచ్చి ఒక్క షరతు పెట్టాడు. పాఠం చెప్పేవాడి ఇంట్లోనే అది ఉండాలి, శిష్యుడనేవాడు ఒక్కడూ లేని రోజున సంఘం హాలుకి వచ్చెయ్యాలి. ఇరవై నాలుగేళ్ళుగా అది న్యూమా ముందుగదిలో ఉంది. మొన్న ఈస్టర్ పండక్కి ఆఖరి శిష్యురాలు కూడా మానేసింది. ఆర్నెల్లు నేర్చుకున్నాక మా పిల్లకి పియానో గురించి పద్నాలుగు కథలు వచ్చాయిగాని పాట ఒక్కటీ రాలేదని వాళ్ళమ్మ సంఘంలో కుండబద్దలు కొట్టి మరీ చెప్పింది. నిజమే, గంట పాఠంలో యాభై నిమిషాలు న్యూమా నోరే వాయిస్తుంది. ఆ నోటికి అలుపనేది తెలీదు.

సిప్రియన్‌కి లోలోపల సంతోషంగానే ఉంది. దాచుకోవడమెందుకు? నలభై ఏళ్ళుగా సంఘంలో పెద్ద డోలు వాయిస్తున్నాడు, న్యూమాతో పాటే గురువుగారి ఇంట్లో పెరిగాడు. కానీ గురువుగారు పోయిన రోజున న్యూమా చేసిన పని మాత్రం మర్చిపోలేదు.

న్యూమా ఇస్త్రీ చొక్కా వేసుకుని, గళ్ళ టై కట్టుకుని, ఊగుడు కుర్చీలో కాఫీ తాగుతున్నాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి. ఈ ఊళ్ళో పియానో వాయించే ప్రతివాణ్ణీ ప్రొఫెసర్ అనే పిలుస్తారు, కాలేజీ గడప తొక్కావా అని ఎవరూ అడగరు. న్యూమా అయితే అడగకముందే మూడు కాలేజీల పేర్లు చెబుతాడు. ఆ పొద్దున మాత్రం ఏమీ చెప్పడంలేదు. కప్పు సాసర్లో టకటకా కొట్టుకుంటోంది.

"చెయ్యి వణుకుతోందేంరా?" అన్నాడు సిప్రియన్.

"వణుకు కాదు, తాళం. నీకు తెలీదులే."

పక్కింటి అరుగు మీద పెకన్ పప్పుల పాకంబిళ్ళలు అమ్ముకునే ఫిలోమీన్ కిసుక్కుమంది.

పదకొండుంపావుకి ఒకావిడ వీధి దాటి వచ్చింది. పొడుగాటి మనిషి, బలమైన భుజాలు, చేతిలో బరువైన గుడ్డసంచి. వాకిట్లో 'ప్రొఫెసర్ న్యూమా, పియానో నేర్పబడును' అన్న బోర్డు దగ్గర ఆగి, న్యూమా మొహంలోకి చాలాసేపు చూసింది.

"నేర్పేది మీరేనా?"

న్యూమా కుర్చీలోంచి లేచిన తీరు చూసి ఫిలోమీన్ పాకంబిళ్ళల పళ్ళెం పక్కన పెట్టేసింది.

"నేనే! రండి, రండి, కూర్చోండి. మనవరాలికా? మనవడికా?"

"నాకే. పేరు ఆనరీన్. యాభై తొమ్మిదేళ్ళు. మొన్ననే రిటైరయ్యాను."

ఏ ఉద్యోగం చేసి రిటైరయ్యారని ఎవరైనా అడుగుతారు. న్యూమా అడగలేదు. ఎదుటివాళ్ళ సంగతులు అడిగే అలవాటు అతనికి లేదు, అంత తీరిక ఎక్కడిది?

"చేరతానని ఇంకా అనలేదు," అంది ఆనరీన్ సంచి ఒళ్ళో పెట్టుకుని. "ముందు మీ గురించి తెలుసుకుందామని. ఎవరి దగ్గర నేర్చుకున్నారు మీరు?"

"అయిపోయింది," అంది ఫిలోమీన్. "ఈవిడా పోయినట్టే."

సిప్రియన్ గడియారం చూసుకున్నాడు. పన్నెండులోగా ఈవిడ చేరితే పియానో ఉంటుంది, చేరకపోతే బల్ల ఎక్కుతుంది. న్యూమా నోరు మూసుకుని లోపలికి తీసుకెళ్ళి నాలుగు ముక్కలు వాయిస్తే చాలు, ఎవరైనా చేరతారు. ఆ మాట సిప్రియన్‌కి తెలుసు, ఫిలోమీన్‌కి తెలుసు. తెలియందల్లా న్యూమాకే.

"ఎటియెన్ గురువుగారి దగ్గరమ్మా!" అని మొదలెట్టాడు. "పదేళ్ళప్పుడు చేరా. మొదటిరోజు ఆయన ఒక పాట వాయించి, రేపు నేర్చుకు రారా అన్నారు. నేను అక్కడికక్కడే వాయించేశా. అంతే. పెద్ద గొప్పేం కాదు. గురువుగారే, ఎవరికీ చెప్పకురా, మిగతా పిల్లలు బాధపడతారు అన్నారు."

"నాకు చెప్పారులే," అన్నాడు సిప్రియన్. "మూడు వారాలు పట్టిందని."

"చూశారా? మిగతా పిల్లలు బాధపడతారనే అలా చెప్పారు. ఆయన మనసు అలాంటిది. సరే, ఇరవయ్యో ఏట నదిలో తిరిగే స్టీమరు మీద ఉద్యోగం. నాచెజ్ ఊరు దాటాక నడినదిలో ఇంజను ఠక్కున ఆగిపోయింది, కెప్టెను లబోదిబోమంటున్నాడు, ఆడవాళ్ళు జపమాలలు తీశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను ఎడమచేత్తో ఒక దరువు ఎత్తుకున్నా. ఉత్త ఎడమచేత్తోనేనండీ, కుడిచేత్తో శాండ్‌విచ్ తింటున్నా. నాలుగొందల మంది ప్రయాణికులు ఒక్కసారి కాలు తొక్కారు, ఆ ఊపుకి స్టీమరు కదిలింది, కదిలి ప్రవాహానికి ఎదురెళ్ళి తెల్లారేసరికి మెంఫిస్ చేరింది!"

"బొగ్గు మిగిలింది పాపం," అంది ఫిలోమీన్.

"కెప్టెనూ అదే అన్నాడు! కళ్ళనీళ్ళు పెట్టుకుని అన్నాడు. ఇక శిష్యులంటారా? లెక్క లేదు. ఒకడికి టైము చాలక ఎడమచెయ్యి ఒక్కటే నేర్పా. ప్యారిస్ వెళ్ళి అంత పేరు తెచ్చుకున్నాడు. ఆయన కుడిచెయ్యి జేబులోంచి ఎందుకు తియ్యడని అక్కడివాళ్ళు ఇప్పటికీ పేపర్లలో రాసుకుంటుంటారు."

ఆనరీన్ నవ్వలేదు, లేవలేదు. సంచి మీద చేతులు వేసుకుని మెల్లగా అడిగింది.

"మీ గురువుగారు పోయినప్పుడు మీరు ఊళ్ళో ఉన్నారా?"

సిప్రియన్ పట్టీలు సర్దుకుంటున్నవాడల్లా ఆగాడు. న్యూమా కప్పులో అడుగున ఉన్న కాఫీ చూసుకుని, తాగేసి, గొంతు సవరించుకున్నాడు.

"ఉన్నానా అంటారేమిటి! ఆ ఊరేగింపు ఊరేగింపు అయిందే నావల్ల. వినండి. మా ఊళ్ళో పెద్దవాళ్ళు పోతే బాజాలతో తీసుకెళ్తాం కదా, గోరీల దాకా ఏడుపు పాట, వచ్చేటప్పుడు గంతులు. అందులో బాకా వాడు నడుస్తాడు, డోలు వాడు నడుస్తాడు, పియానో ఎలా నడుస్తుంది? నడవదు. అందుకని పియానోవాళ్ళ చేతిలో రెండు ఇత్తడి తాళాలు పెట్టి, వెనక నడుస్తూ కొట్టుకోరా అంటారు. జన్మంతా పియానో నేర్పిన గురువుకి చేసేది ఇదా? నాకూ ఇచ్చారు, పళ్ళేలంత తాళాలు. ఇదిగో, ఈ సిప్రియనే తెచ్చిచ్చాడు. నేనేం చేశానో తెలుసా? తిన్నగా రేవుకెళ్ళి ఆ రెంటినీ మిసిసిపీ నదిలోకి గిరాటేశా! ఇప్పటికీ వరదొచ్చినప్పుడల్లా నీళ్ళడుగున ఖణేల్ ఖణేల్మని మోగుతాయి, రేవులో ఎవర్నైనా అడగండి."

గిరాటేశాడన్న మాట ఒక్కటీ సిప్రియన్‌కి కోతలా అనిపించలేదు, నిజమే అనుకున్నాడు. ఆ రోజు తాళాలవాడు లేకుండానే ఊరేగింపు నడిచింది. డోలు దెబ్బకీ డోలు దెబ్బకీ మధ్య ఖాళీ. గోరీల దాకా ఆ ఖాళీ వింటూ నడిచాడు సిప్రియన్. అంతా అయ్యాక వీధి మలుపులో ఒట్టి చేతులతో, రొప్పుతూ కనపడ్డాడు న్యూమా. తాళాలేవిరా అంటే, "నేను తాళాలు మోసే రకమా?" అన్నాడు. గురువు శవం వెనక నడవడానికి నామోషీ పడ్డ మనిషి. అప్పట్నుంచీ అతనితో సిప్రియన్ మనసువిప్పి మాట్లాడింది లేదు.

"మరి?" అంది ఆనరీన్.

"మరేముంది, పుచ్చకాయలమ్మే ముసలాయన మ్యూల్ బండి అడిగి తెచ్చి, పుచ్చకాయలు దింపి, పియానో ఎక్కించా. ఒక్కణ్ణే! మ్యూల్ పేరు గవర్నర్. గుర్రానికీ గాడిదకీ పుట్టిందయినా గవర్నరుకున్నంత సంగీతజ్ఞానం సంఘంలో ఎవడికీ లేదు, తప్పు స్వరం పడితే అడుగు వేసేది కాదు. శవపేటిక ముందు, నేను వెనక. డుమేన్ వీధిలో గోతులు మీకు తెలుసుగా? చక్రం గోతిలో పడ్డప్పుడల్లా నా చేతులు ఎగిరి ఎక్కడో పడేవి. అలా పడ్డచోటల్లా ఒక కొత్త తమాషా దరువు పుట్టింది. ఇవాళ ప్రపంచమంతా వాయిస్తోందే, అది గోతుల దరువండీ! మునిసిపాలిటీ వాళ్ళు ఆ గోతులు ఇప్పటిదాకా పూడ్చకపోవడానికి కారణం ఏమనుకున్నారు? గౌరవం."

"అమ్మనాయనో," అంది ఫిలోమీన్, "మొన్న నా కాలు బెణికింది ఆ గౌరవంలోనే."

"ఇంతలో పోలీసు గుర్రాలు ఎదురొచ్చాయి. పన్నెండు గుర్రాలు! నా దరువు విని జంటలు జంటలుగా విడిపోయి నాట్యం మొదలెట్టాయి, మీద పోలీసులు టోపీలు పట్టుకుని కుయ్యోమొర్రో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాన! మామూలు వానా? నడుం లోతు నీళ్ళు. బండి మునిగింది, గవర్నర్ ఈదుకుంటూ పోయింది, పియానో తేలింది. నేను ఆపానా? ఆపలేదు. ఎడమ పెడలు చుక్కాని, కుడి పెడలు తెడ్డు. అలా వాయిస్తూ కాలవలో పడి, కాలవలోంచి చెరువులోకి పోయి తిరిగొచ్చా. వాలుగ చేప ఒకటి ఎగిరి నల్లమీటల మీద పడి కొట్టుకుంటే, మన సిప్రియన్ బావమరిది కంటే బాగుంది వాయింపు!"

"ఒరేయ్, వాడి జోలికి రాకు," అన్నాడు సిప్రియన్.

"పొగుడుతున్నా గదరా! చేపతో పోల్చా. సరే, గోరీల దగ్గరికొచ్చాం. నా వేళ్ళు ఆగడంలేదు. ఆ ఆనందంలో ఒక్క స్వరం, ఒకే ఒక్కటి, తప్పు పడింది. పేటికలోంచి టక్ టక్ అని రెండు దెబ్బలు! చిన్నప్పుడు తప్పు వాయిస్తే చెక్కస్కేలుతో నా వేళ్ళ మీద వేసేవారు చూడండీ, అచ్చం అవే దెబ్బలు. జనం నిలబడిపోయారు. మూత లేచింది. గురువుగారు లేచి కూర్చున్నారు, దిగొచ్చారు, పక్కకి జరగరా అన్నారు. జరిగా. ఆఖరి చరణం ఆయనే వాయించి, ఇలా వాయించాల్రా న్యూమా, అని నా తల మీద చెయ్యి వేసి, వెళ్ళి మళ్ళీ పడుకున్నారు. మూత కూడా ఆయనే వేసుకున్నారు, ఎవరికీ శ్రమ లేకుండా."

చెప్పడం ఆపి అందరి మొహాలూ చూశాడు. కళ్ళు చెమర్చి ఉన్నాయి. తన కోతకి తనే కరిగిపోయే మనిషి న్యూమా.

ఆనరీన్ ఒళ్ళోని సంచి తెరిచి, లోపల చెయ్యి పెట్టి, పళ్ళేలంత ఇత్తడి తాళాలు రెండు తీసి అరుగు మీద పెట్టింది. ఒకటి జారి రెండోదానికి తగిలి ఖణేల్మంది. ఫిలోమీన్ ఇంటి పిల్లి పరుగో పరుగు.

సిప్రియన్ వంగి ఒక తాళం అందుకున్నాడు. అంచున గోరంత నొక్కు. చర్చి గుమ్మం దగ్గర తను చెయ్యిజార్చినప్పుడు పడ్డ నొక్కే అది.

"నదిలోంచి ఎప్పుడు తీశారమ్మా?" అన్నాడు.

"నదిలోంచి కాదు, నా బస్సులోంచి," అంది ఆనరీన్. "సెయింట్ క్లాడ్ వీధి బస్సు ఇరవై నాలుగేళ్ళు నడిపాను. చేరిన మూడో వారం, అందుకే బాగా గుర్తు. ఈయన నల్లకోటు వేసుకుని ఎక్కారు, తాళాలు పక్కసీట్లో పెట్టి సరిగ్గా నా వెనక కూర్చున్నారు. డుమేన్ వీధి రాగానే చెప్పమ్మా అన్నారు. కూర్చున్న దగ్గర్నుంచీ నా సీటు వెనక కడ్డీ మీద వేళ్ళు ఆడించడం మొదలెట్టారు. ఎడమచెయ్యి కడ్డీ మీద, కుడిచెయ్యి కిటికీ అంచు మీద. కళ్ళు మూసుకోలేదు, తెరిచే ఉన్నాయి, కానీ ఏమీ కనపడటంలేదు. అద్దంలో చూస్తూనే ఉన్నా. డుమేన్ వీధి అని అరిచా, వినపడలేదు. మళ్ళీ అరిచా. బ్రేకు వేస్తే జనమంతా ముందుకి పడ్డారు, ఈయన వేళ్ళు మాత్రం తప్పలేదు."

న్యూమా టై ముడి వదులు చేసుకున్నాడు. నోరు తెరిచాడు, ఏమీ రాలేదు. చిన్నప్పట్నుంచీ ఆ నోరు ఒట్టిగా తెరుచుకోవడం సిప్రియన్ చూడ్డం అదే మొదలు.

"చివరి స్టాపులో భుజం తట్టా. డుమేన్ వీధి వచ్చిందా అన్నారు. అది దాటి ముప్పావుగంటయిందని చెప్పా. మా గురువుగారమ్మా, నాకోసం ఆగరమ్మా, అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఎలాగూ తిరుగు ప్రయాణమే గదా అని వెనక్కి తీసుకొచ్చా. డుమేన్ వీధి మలుపులో బాజాలు ఎదురొచ్చాయి, గంతుల పాట. అంటే అయిపోయిందన్నమాట. నేను తలుపు సరిగ్గా తెరవకముందే ఈయన దూకి పరిగెత్తారు. తాళాలు సీట్లోనే ఉండిపోయాయి. డిపోలో ఇచ్చా, ఏడాదైనా ఎవరూ అడగలేదు, దొరికినవాళ్ళవేనని నాకే ఇచ్చేశారు. పేరు తెలీదు, ఇల్లు తెలీదు. మొన్న నడుచుకుంటూ వెళ్తుంటే ఈ అరుగు మీద ఈయన మొహం చూశా."

వీధిలో ఐసుబండి గంట కొట్టుకుంటూ పోయింది. ఎవరూ పిలవలేదు.

"ఏరా," అన్నాడు సిప్రియన్. "ఏరా వెధవా, స్టాపు దాటిపోయిందని చెప్పొచ్చు గదా?"

"ఏమని చెప్పనురా?" న్యూమా తల ఎత్తలేదు. "గురువుగారి శవం వెళ్ళిపోతుంటే బస్సులో సీటు వాయించుకుంటూ కూర్చున్నానని చెప్పనా? పొగరుబోతు అనిపించుకుంటే నయం అనుకున్నా."

"ఇరవై నాలుగేళ్ళురా!" సిప్రియన్ చేతిలో తాళం కోపంతో మోగింది. "గురువుగారికి తాళాలు మొయ్యడం నీకు నామోషీ అనుకున్నా! నీ ఇంట్లో కాఫీ కూడా తాగలేదు! పేటికలోంచి మనిషిని లేపి కూర్చోబెట్టడానికి నోరొచ్చిందిగాని, బస్సు దిగడం మర్చిపోయానన్న ఒక్క ముక్క రాలేదా నీకు?"

"నాతోనూ కాలవలో కొట్టుకుపోయాననే చెప్పాడు," అంది ఫిలోమీన్ కళ్ళు తుడుచుకుంటూ. "సగం నమ్మాను కూడా."

చర్చి గంట మొదలైంది. ఒకటి, రెండు. వీధి చివర మోసేవాళ్ళిద్దరూ చేతులు దులుపుకుంటూ వస్తున్నారు. న్యూమా ముందుగదిలోకి ఒక్కసారి చూసి, లేచి, పియానోకి దారివ్వడానికి గుమ్మంలో కుర్చీ పక్కకి జరిపాడు. బేరమాడలేదు, ఇంకో కథ ఎత్తలేదు. సిప్రియన్‌కి అదే భరించడం కష్టమైంది.

"అమ్మా," అన్నాడు ఆనరీన్‌తో, "తాళాలు ఇద్దామనే వచ్చారా? నేర్చుకుంటానన్నది ఉత్తిదేనా? పన్నెండు గంటలూ కొట్టేలోగా చెప్పండి."

"ఈయన చెప్పిన స్టీమరు నాకొద్దు, గుర్రాలొద్దు," అంది ఆనరీన్. "నా సీటు వెనక వాయించింది నేర్పుతారా?"

"అది ఎవరూ వినలేదమ్మా," అన్నాడు న్యూమా. "నాకు తప్ప వినపడలేదు."

"నాకూ వినపడలేదు. చూశాను. ఆ పాటేమిటో తెలుసుకోవాలని ఇన్నేళ్ళూ అద్దంలో చూస్తూ బండి నడిపా, అలాంటి ప్రయాణికుడు మళ్ళీ ఎక్కలేదు. నేర్పితే చేరతా. ఒక్క షరతు. పాఠం చెప్పేటప్పుడు చేతులే మాట్లాడాలి."

ఎనిమిది, తొమ్మిది. న్యూమా నోరు విప్పకుండా తల ఊపాడు.

"ఒరేయ్, ఆగండక్కడే!" అని సిప్రియన్ మోసేవాళ్ళ మీద అరిచిన అరుపుకి మూడు ఇళ్ళవాళ్ళు కిటికీలు తెరిచారు. "శిష్యురాలుంది. పొండి, పోయి ఐసు తినండి."

భుజం మీది పట్టీలు తీసి బల్ల మీద పడేశాడు. తాళాలు రెండూ తీసుకొచ్చి న్యూమా ఒళ్ళో పెట్టాడు.

"ఈసారి సంఘంలో ఎవరు పోయినా ఇవి నువ్వే మోస్తావు. బస్సెక్కకు. నేనే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా. ఫిలోమీన్, కాస్త కాఫీ ఉంటే ఇలా పట్టుకురా, ఈ ఇంట్లో తాగుతా ఇవాళ."

ముందుగదిలో ఆనరీన్ పియానో ముందు కూర్చుంది, స్టీరింగ్ పట్టుకునేదానిలా చేతులు చాపి. న్యూమా వెనక నిలబడి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే మీటల మీద సర్దాడు. మొదటి స్వరం మోగింది. రెండోది మోగింది. మూడోదానికి అతనికి హుషారొచ్చేసింది.

"ఈ స్వరం ఉంది చూశారూ, ఇది నేను కనిపెట్టిందే. ఒకసారి హవానాలో..."

ఆనరీన్ వెనక్కి తిరగలేదు.

"ప్రొఫెసరుగారూ, మీ స్టాపు దాటిపోతోంది."